మడ తోట అవుతుందా? పాలకాయతిప్ప తీరం నేపథ్యంలో ఉద్యానభావన, ఆదివాసీ తాత్వికత: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆదివాసీ తాత్వికతను, నేలతో మనిషికున్న అనుబంధాన్ని ఆధారం చేసుకొని తోటలను తీర్చిదిద్దాలన్న వాదం ఇటీవలి కాలంలో భూదృశ్య రచనలో బలపడింది. ఆ వాదాన్ని కృష్ణానది సాగరసంగమానికి చేరువలో ఉన్న పాలకాయతిప్ప తీరం మీద నిలబెట్టి పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు కావ్యసంప్రదాయంలోని ఉద్యానభావన, 1977 ఉప్పెన తరువాత వెలసిన సరుగుడు తోటలు, ఇసుకనేలల దొరువు సేద్యం, మడ అడవుల పునరుద్ధరణకు తవ్విన కాలువలు ఇందులో పరిశీలనాంశాలు. 'ఆదివాసీ' అన్న మాట మొక్కల ఎంపికకు విశేషణంగా కుదించుకుపోయినప్పుడు మనుషుల హక్కు కనుమరుగవుతుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: మడ అడవులు, ఉద్యానవర్ణన, దివిసీమ, యానాదులు, దొరువు, మడవ, సరుగుడు.

1. ఉపోద్ఘాతం

కోడూరు నుంచి హంసలదీవి మీదుగా సముద్రం వైపు వెళ్లే దారిలో భూమి స్వభావం మారడం కళ్లకు కనిపిస్తుంది. మొదట వరిమళ్లు, తరువాత రొయ్యల చెరువులు, ఆపైన ఉప్పు తేలిన పర్ర నేల, కాలువల అంచున మడచెట్లు, చివరకు ఇసుక, సరుగుడు, సముద్రం. ఈ వరుసకు నడుమ కరకట్ట ఉంది. కట్టకు లోపలి నీరు కాలువనీరు. కట్టకు వెలుపలి నీరు ఆటుపోట్ల నీరు. ఈ రెండూ కలవకుండా చూడడమే కట్ట పని. మురుగునీరు సముద్రంలోకి పోవడానికి తూములున్నాయి. వాటి తలుపులు పోటు సమయంలో మూసుకోవాలి, ఆటు సమయంలో తెరుచుకోవాలి. తలుపు తుప్పు పట్టి నిలిచిపోతే ఉప్పునీరు వరిచేనులోకి వస్తుంది. దివిసీమ రైతుకు ఇంతకంటే పెద్ద భయం లేదు.

పాలకాయతిప్ప అన్న పేరులో తొలిభాగం కాయ, మలిభాగం నేల. దివిసీమ గ్రామనామాలలో ఈ పద్ధతి కొత్త కాదు. ఏటిమొగ, నాచుగుంట, ఎదురుమొండి, సొర్లగొంది వంటి పేర్లను వరుసగా చదివితే నీరూ నేలా ఎక్కడ ఎలా కలుస్తాయో చెప్పే పటంలా ఉంటాయి. లంక, తిప్ప, దిబ్బ, మొగ, పర్ర: వీటిలో ఏ రెండూ పర్యాయపదాలు కావు. నేల ఎత్తునూ ఉప్పునూ నీటి రాకపోకలనూ ఇంత సూక్ష్మంగా విడదీసి పేర్లు పెట్టిన భాషకు, ఆ నేలమీద 'తోట' అంటే ఏమిటో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన అవసరం ఎందుకు కలగలేదన్న ప్రశ్నతో ఈ పరిశీలన మొదలవుతున్నది.

2. ఒక భావన, పలు అనువాదాలు

పొటవాటమి తెగకు చెందిన వృక్షశాస్త్రవేత్త రాబిన్ వాల్ కిమ్మరర్ 2013లో ప్రచురించిన 'బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్' మొక్కను వనరుగా కాక బంధువుగా చూడమని కోరింది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే 'ముగ్గురు అక్కచెల్లెళ్ల' తోటను ఆమె ఒక జ్ఞానరూపంగా వివరించారు. జూలియా వాట్సన్ 2019లో వెలువరించిన 'లో-టెక్' ఆదివాసీ సమాజాల నిర్మాణాలను రూపకల్పన శాస్త్రంగా ప్రపంచం ముందు పెట్టింది. మేఘాలయ ఖాసీల వేరువంతెనలు, తూర్పు కోల్‌కతా చిత్తడినేలలు అందులో ఉండడం భారతీయ పాఠకులు గమనించదగినది. ఈ రెండు గ్రంథాల ప్రభావం నేటి తోటల రూపకర్తల మీద గణనీయంగా ఉంది.

ఈ భావనను తెలుగులోకి తేవడంలోనే చిక్కు ఎదురవుతుంది. ఆంగ్లంలో ఒకే విశేషణంతో నడిచే వ్యవహారానికి తెలుగులో కనీసం నాలుగు మాటలున్నాయి: దేశవాళీ, స్థానిక, మూలవాసీ, ఆదివాసీ. దేశవాళీ అనేది విత్తనానికీ పశువుకూ చెల్లుతుంది. స్థానిక అన్నది చోటును చెబుతుంది కాని చరిత్రను చెప్పదు. మూలవాసీ రాజకీయ వాదంతో ముడిపడిన మాట. ఆదివాసీ అన్నప్పుడు మనుషులు, వారి భూమి, ఆ భూమి నుంచి వారిని తొలగించిన చరిత్ర మూడూ ఒకేసారి వచ్చి నిలుచుంటాయి. తోటల గురించిన రచనల్లో తరచు జరుగుతున్నది ఏమిటంటే, ఆదివాసీ తాత్వికత పేరుతో మొదలైన వాక్యం దేశవాళీ మొక్కల జాబితాతో ముగుస్తుంది. మనుషుల గురించి ఇచ్చిన మాట మొక్కల దగ్గర చెల్లించి ఊరుకుంటారు. మూలంలో ఒకే పదం ఉండడం వల్ల ఆ జారుడు కనిపించదు. తెలుగు ఆ జారుడును దాచనివ్వదు. ఇది మన భాష విమర్శకు చేసే మేలు.

భారత ప్రభుత్వం ఆదివాసీ ప్రజల హక్కులపై 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటనకు అనుకూలంగా ఓటు వేసింది. అయితే స్వాతంత్ర్యానంతరం ఈ దేశ ప్రజలందరూ ఆ నిర్వచనంలోకే వస్తారన్న వైఖరిని కూడా అదే సందర్భంలో తెలిపింది. అందరూ మూలవాసులైనప్పుడు ఎవరి తాత్వికత ప్రకారం తోట వేయాలన్న ప్రశ్నకు అర్థం ఉండదు. చట్టపరమైన ఈ అస్పష్టత సౌందర్యశాస్త్రంలో హాయిగా ఇమిడిపోతుంది. అందుకే దానిని అనుమానించవలసి ఉంది.

3. కావ్యోద్యానం: చేర్చుకున్నవి, విడిచినవి

దండి కావ్యాదర్శంలో మహాకావ్యానికి చెప్పిన వర్ణనలలో సముద్రమూ ఉంది, ఉద్యానమూ ఉంది. మన ప్రబంధకవులు పాటించిన అష్టాదశవర్ణనల పట్టికలోనూ రెండింటికీ చోటు దక్కింది. కాని సముద్రమూ తోటా ఒకదానినొకటి తాకే చోటుకు ఆ పట్టికలో గడి లేదు. ప్రబంధోద్యానం తీపినీటి ఉద్యానం. మావి, అశోకం, పొగడ, సంపెంగ, మల్లె అందులో ఉంటాయి. ఆ తోటలో ఏ చెట్టు ఉండాలో నేల నిర్ణయించదు, కవిసమయం నిర్ణయిస్తుంది. చెట్లు పూయడానికి కూడా నేల కాక స్త్రీల పాదతాడనమో పుక్కిటి మద్యమో కారణమవుతుంది. దోహదక్రియల వర్ణనలో చమత్కారం లేదని కాదు. అయితే అక్కడ మొక్కకూ మనిషికీ ఉన్న అనుబంధం శృంగారానికి ఉద్దీపనగా మాత్రమే నిలుస్తుంది.

ఈ సాధారణ స్థితికి భిన్నమైన తోట ఒకటి మన సాహిత్యంలో ఉంది. దాని పుట్టుక ఇదే కృష్ణాతీరంలో జరగడం విశేషం. కళింగ దండయాత్ర సందర్భంలో శ్రీకృష్ణదేవరాయలు ఘంటసాల సమీపంలోని శ్రీకాకుళంలో విడిదిచేసినప్పుడు ఆంధ్రమహావిష్ణువు స్వప్నంలో కనిపించి ఆముక్తమాల్యద రచనకు ఆదేశించినట్లు కావ్యావతారికే చెబుతున్నది. విష్ణుచిత్తుడు తోటమాలి. పుష్పకైంకర్యం ఆయన జీవితం. గోదాదేవి ఆయనకు లభించినది తోటలోనే. ఇక్కడి తోట విహారస్థలం కాదు, పనిచేసే చోటు. రాయల వానాకాలపు వర్ణనల్లో పల్లె, బురద, రైతు ఇల్లు కనిపించడం విమర్శకులు ఎప్పటినుంచో మెచ్చుకుంటున్న విషయం. ఆ పరిశీలనాశక్తి తోట విషయంలోనూ ఉంది. కాని ఆ అనుబంధం మొక్క ద్వారా దైవానికి చేరుతుంది. మొక్క దగ్గర ఆగదు.

మొక్క దగ్గరే ఆగిన అనుబంధానికి ఉదాహరణ కోసం కొంత దక్షిణానికి పోవాలి. తమిళ సంగసాహిత్యం నేలను ఐదు తిణైలుగా విభజించి, తీరానికి నైదల్ అని ప్రత్యేక స్థానం ఇచ్చింది. అక్కడి చెట్లు పొన్న, మొగలి. నఱ్ఱిణైలోని 172వ పద్యంలో ఒక సన్నివేశం ఉంది. ఆడపిల్లలు ఆటలో ఇసుకలో గుచ్చి మరచిన పొన్నగింజ మొలకెత్తుతుంది. దానికి పాలూ నెయ్యీ పోసి పెంచుతారు. ఇది మీకు తోబుట్టువు అని తల్లి చెబుతుంది. ఆ చెట్టు నీడలో ప్రియుడితో సరసమాడడానికి సిగ్గుగా ఉందన్నది అక్కడి మాట. శాకుంతలంలో ఆశ్రమవృక్షాల పట్ల శకుంతల చూపే సోదరస్నేహం మనకు పరిచితమే. అయితే అక్కడ చెట్లు ఆమెను సాగనంపుతాయి. ఇక్కడ చెట్టు ఒక నడవడిని అడ్డుకుంటుంది. తోబుట్టువు ఎదుట చేయకూడని పని ఉంటుంది. అనుబంధమంటే ఆప్యాయత మాత్రమే కాదు, నిషేధం కూడా. కిమ్మరర్ చెప్పే బంధుత్వాన్ని ఉటంకించే తోటల రచనల్లో సాధారణంగా లోపించేది ఈ రెండో సగమే.

తెలుగు తీరానికి నైదల్ వంటి కావ్యభూమి ఏర్పడలేదు. మాటల్లో మాత్రం జాడలున్నాయి. ఇసుక దిబ్బలను పట్టి ఉంచే ముళ్లగడ్డికి మనవారు రావణాసురుని మీసాలు అన్నారు. ఇసుకమీద పాకే ఊదాపూల తీగ బాలబంద. చెట్టునుండగానే గింజ మొలకెత్తి, పొడుగాటి మొలక బురదలోకి జారే మడజాతి వృక్షం ఉప్పుపొన్న. తీపినీటి చెట్టు పేరుకు ఉప్పు చేర్చి పెట్టిన ఆ పేరు, ఉద్యానవర్ణన గుర్తించని నేలను జనం భాష ఎలా గుర్తించిందో చూపుతుంది. ఆకుల మీదుగా ఉప్పును విసర్జించే తెల్లమడ, దాని తోడు నల్లమడ, పాలు కంటిలో పడితే చూపును దెబ్బతీసే తిల్ల, పర్రలో ఎర్రబారే ఇలకూర: ప్రబంధ నిఘంటువులో వీటికి చోటు దొరకలేదు, పల్లెకారుల నోట దొరికింది.

4. సరుగుడు: ఉప్పెన తరువాతి తోట

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మరణించినవారు పదివేలకు పైబడ్డారు. సముద్రపు ఒడ్డున ఉన్న పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి పల్లెలు ఆ రాత్రి మొదటి దెబ్బ తిన్నాయి. బతికినవారి కథనాల్లో చెట్టు పదేపదే వస్తుంది. తాటిచెట్టును కౌగిలించుకున్నవారు, తుమ్మకొమ్మ పట్టుకొని ముళ్లు దిగినా వదలనివారు. దివిసీమలో 'నేలతో అనుబంధం' అన్న మాట వాడేటప్పుడు దాని బరువు ఇంత అని గుర్తుంచుకోవాలి. ఇక్కడ అది నగరవాసి తీరికలో కోరుకునే సాంత్వన కాదు.

ఆ తరువాతి సంవత్సరాల్లో తీరరక్షణ పేరుతో అటవీశాఖ సరుగుడు వనాలను విస్తృతంగా పెంచింది. 1996 నవంబరు తుపాను తరువాత ప్రపంచ బ్యాంకు ఆర్థిక సాయంతో అదే పని మరింత సాగింది. సరుగుడు మన తీరపు చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియాల నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి వచ్చింది. అయినా తెలుగు తీరం దానిని ఎంత సొంతం చేసుకుందంటే సరుగుడు లేని సముద్రపు ఒడ్డును నేటి తరం ఊహించలేదు. వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవుల తోడ్పాటుతో నత్రజనిని సమకూర్చుకొని పేద ఇసుకలోనూ బతుకుతుంది. నాలుగైదేళ్లలో కొట్టుకు వస్తుంది. వాసాలకు, గుంజలకు, వంటచెరకుకు, ఇప్పుడు కాగితపు గుజ్జుకు గిరాకీ ఉంది. చిన్నరైతుకు ఇది ఆసరా. దేశవాళీ కాదన్న ఒక్క కారణంతో దీనిని తప్పుపట్టడం పుస్తకాల నుంచి పుట్టిన శుద్ధతావాదం.

నా అభ్యంతరం వేరు. సరుగుడు వనం ఒక ప్రత్యేకమైన రూపకల్పన. వరుసలు నేరుగా, ఎడం సమానంగా, వయసు ఒక్కటిగా ఉంటాయి. రాలిన సన్నని ఆకులు కింద మందంగా పరుచుకొని మరో మొక్కను లేవనివ్వవు. బాలబంద, రావణాసురుని మీసాలు ఉండవలసిన ముందువరుస దిబ్బలను చదును చేసి అలల దాకా నాటినచోట ఇసుక కదలిక ఆగుతుంది. కదలని ఇసుక తుపాను కోసిన తీరాన్ని తిరిగి కట్టదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరాల్లో పాలకాయతిప్ప ఒకటి. వాటికి కావలసినది ఖాళీ ఇసుక. 2004 సునామీ తరువాత 'జీవకవచం' పేరిట సాగిన నాటకాలపై వచ్చిన విమర్శ ప్రధానంగా ఇదే: చెట్టు ఉంటే చాలునన్న భావన, ఏ చోట ఏది ఉండాలన్న ప్రశ్నను మింగేసింది. 1999 ఒడిశా తుపానులో కేంద్రపడ జిల్లా గ్రామాల మరణాలను పరిశీలించిన సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తగ్గాయని 2009లో చూపారు. వారు చెప్పినది మడ గురించి. దానిని చెట్లన్నిటికీ వర్తింపజేయడం సౌకర్యంగా జరిగిపోయింది.

ఒక్క మాటలో, సరుగుడు తోట ప్రబంధోద్యానానికి ప్రభుత్వ వారసుడు. నేలను అడగకుండా పట్టిక ప్రకారం నాటడం రెండింటిలోనూ ఉంది. తేడా ఏమంటే అక్కడ పట్టిక అలంకారికుడిది, ఇక్కడ అంచనాల గుమాస్తాది.

5. దొరువు, మడవ

నేలను అడిగి వేసిన తోట తెలుగు తీరంలో లేదా? ఉంది. కృష్ణ దాటి పశ్చిమానికి, బాపట్ల, చీరాల వైపు సాగే ఇసుకనేలల్లో దొరువు సేద్యం తరతరాలుగా ఉన్నది. తీరపు ఇసుకలో కురిసిన వాన ఇంకి, కింది ఉప్పునీటి మీద పలుచని తీపినీటి పొరగా తేలుతుంది. తీపినీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఆ పొర అందేవరకు మాత్రమే వాలుగా గుంట తవ్వుతారు. దిగి కుండలతో నీరు ముంచి నారుమళ్లకు, కూరమళ్లకు, పూలమొక్కలకు పోస్తారు. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది. తొందరపడి ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు శంఖువులా పైకి లేస్తుంది. కాబట్టి తోట విస్తీర్ణాన్ని యజమాని కోరిక కాక, గుంట ఊరే వేగం నిర్ణయిస్తుంది. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు దీనిని మెరుగుపరచి, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరచి పైపొర నీటిని సేకరించే పద్ధతిని రూపొందించారు. సంప్రదాయ జ్ఞానాన్ని శాస్త్రం గౌరవించిన అరుదైన ఉదాహరణగా దీనిని పరిగణించవచ్చు. అయితే గొట్టానికి మోటారు తగిలించాక 'ఇంతకు మించి తోడకూడదు' అన్న నిషేధాన్ని చెప్పేది గుంట కాదు, మనిషి. పొన్నచెట్టు తోబుట్టువుగా అడ్డుకున్నట్లే దొరువూ అడ్డుకునేది. గొట్టం అడ్డుకోదు.

మడ వైపు వస్తే ఇంకొక రూపకల్పన కనిపిస్తుంది. తమిళనాడులోని పిచ్చావరంలో మడ అడవి ఎందుకు కోలుకోవడం లేదని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ పరిశోధించినప్పుడు తేలినది, నాటకపోవడం అసలు కారణం కాదని. ఒకప్పుడు అడవిని బారులు బారులుగా నరికినచోట ఎండ తగిలి బురద కుంగి నేల పళ్లెంలా మారింది. పోటుకు వచ్చిన నీరు ఆటుకు బయటికి పోలేక నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుంది. పెద్ద కాలువ ఒకటి, దానికి ఏటవాలుగా చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వి నీటికి రాకపోకలు కల్పించాక మొక్క నిలిచింది. 1990ల చివరి నుంచి ఆ సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి ఇదే పద్ధతిని గోదావరి, కృష్ణా మడ అడవుల్లో అమలు చేశారు.

డెల్టా రైతు భాషలో దీనికి దగ్గరి మాట ఉంది: మడవ. పొలంగట్టుకు గండి కొట్టి నీరు పారించే చోటు మడవ. మడవ తిప్పడం, మడవ కట్టడం దివిసీమ సేద్యంలో నిత్యకృత్యాలు. మడి, మడవ, మడ, మడుగు: ఇవన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టాయని నేను వాదించడం లేదు. అది భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసినది. కాని ఈ మాటల పొరుగుతనం వల్ల ఒక విషయం స్ఫురిస్తుంది. మడికీ మడకూ కావలసిన పని ఒక్కటే, నీటిని నడిపించడం. మడిలో మడవను అవసరమైనప్పుడు తీసి, అవసరం తీరాక కడతారు. మడలో తీసిన మడవను కట్టకూడదు. కరకట్టకు లోపల తలుపు మూసుకోవడమే రక్షణ, వెలుపల తెరిచి ఉంచడమే ప్రాణం. పాలకాయతిప్ప ఈ రెండు వ్యాకరణాల సంధిస్థానం. ఒకదానిని రెండోదానిమీద రుద్దినప్పుడే ఇక్కడ నష్టం జరిగింది. పర్రనేలను గట్లతో మూసి రొయ్యల చెరువులుగా మార్చడం మడి వ్యాకరణాన్ని మడమీద ప్రయోగించడమే. 1991 ఫిబ్రవరి నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన, 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ మూతను అడ్డుకోజూశాయి. ఫలితం ఎంతన్నది పర్రలో చెరువుగట్లను చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు ఒండ్రును ఆపివేశాయన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మడకు కావలసినది ఉప్పు మాత్రమే కాదు. నది తెచ్చే తీపినీరు, మెత్తని మట్టి కూడా. 1855 నాటికే బెజవాడ ఆనకట్టతో మొదలైన ఈ మార్పును కోడూరు మండలంలో ఎన్ని పిల్లకాలువలు తవ్వినా సరిదిద్దలేము. తీరంలో చేసే ఏ రూపకల్పనకైనా ఇది హద్దు.

6. సేకరించేవారి నేల

చేపముల్లు కాలువల మడను ఆదివాసీ తాత్వికతతో తీర్చిన తోటగా పిలవవచ్చునా? పిలవాలన్న ఆకర్షణ బలమైనది. అందులో గౌరవం ఉన్నట్లు తోస్తుంది. ఇక్కడే ఆస్ట్రేలియా చర్చ మనకు పాఠం. బ్రూస్ పాస్కో 2014 నాటి 'డార్క్ ఈమూ'లో అక్కడి ఆదిమ ప్రజలు కేవలం వేటాడేవారు కారని, సాగు చేసినవారని వాదించారు. ఆ గ్రంథం విస్తృతంగా ఆదరణ పొందింది. 2021లో పీటర్ సట్టన్, కెరిన్ వాల్ష్ దీనిని ఖండిస్తూ, ఆధారాలతో పాటు ఒక మౌలిక ప్రశ్న లేవనెత్తారు: వేట, సేకరణలను సాగుగా పేరు మార్చితే తప్ప గౌరవించలేమా? అలా చేస్తే సాగే నాగరికత అన్న పాత వలసవాద కొలతను మళ్లీ ఒప్పుకున్నట్లే కదా? ఈ వివాదంలో సట్టన్, వాల్ష్‌ల ప్రశ్నే బలమైనదని నా అభిప్రాయం.

కృష్ణా ముఖద్వారపు మడలో ఆ ప్రశ్న యానాదులకు వర్తిస్తుంది. షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన యానాదులు ఈ తీరంలో మండపీతలను, చేపలను పట్టి జీవిస్తారు. పీత బొరియ ఏ బురదలో ఉంటుందో, ఏ పోటుకు నీరు ఎంతవరకు ఎక్కుతుందో తెలియకుండా ఆ పని సాగదు. అమావాస్య, పౌర్ణమి పోట్ల లెక్క అది. వారు మడను నాటలేదు, దున్నలేదు, కంచె వేయలేదు. తోటమాలి అన్న బిరుదు వారికి అవసరం లేదు. వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదులపై గ్రంథం వెలువరించేనాటికి శ్రీహరికోట ఇంకా వారి దీవి. ఆ దశాబ్దం చివరలో అది రాకెట్ ప్రయోగకేంద్రానికి ఎంపికైంది, వారు కదలవలసి వచ్చింది. వారి మూలికాజ్ఞానాన్ని పొగిడే పుటలకు కొదవ లేదు. ఆ జ్ఞానం ఏ నేలదో ఆ నేల వారికి మిగలలేదు. కేశవరెడ్డి 'చివరి గుడిసె' యానాదుల జీవితాన్ని నవలగా మలచినప్పుడు అనుబంధం కంటె వెలిని ఎక్కువగా చూపడం యాదృచ్ఛికం కాదు.

1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం దాదాపు 195 చదరపు కిలోమీటర్ల మడను కాపాడుతున్నది. బావురుపిల్లికి అది ఆశ్రయం. ఈ రక్షణ లేకుంటే మడ ఈపాటికి చెరువులుగా మారేదని అంగీకరించాలి. అయినా అభయారణ్యపు గీత గీసినప్పుడు పీత పట్టేవాడు దానికి ఏ వైపున నిలిచాడన్నది వేరే ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం కొండ అడవుల సందర్భంలో ఎంత చర్చకు వచ్చిందో తీరపు మడల సందర్భంలో అంత రాలేదు. గిరిజనుడంటే గిరిమీద ఉండేవాడన్న మన పదమే ఇందుకు కొంత కారణం కావచ్చు. బురదలో నడుము లోతున నిలిచినవాడు ఆ పదంలో పట్టడు. 2023లో కేంద్రం ప్రారంభించిన మిష్టీ పథకం మడల పెంపకాన్నీ ఆదాయాన్నీ కలిపి మాట్లాడుతున్నది. ఆ ఆదాయం కూలి రూపంలో వస్తుందా, హక్కు రూపంలో వస్తుందా అన్నదే తేల్చవలసినది. కూలి పనిదినాలతో ముగుస్తుంది.

ఈ భేదం కాలువ దగ్గర బయటపడుతుంది. చేపముల్లు కాలువ ఒకసారి తవ్వితే శాశ్వతం కాదు. ప్రతి పోటూ కొంత బురద తెచ్చి వదులుతుంది. పిల్లకాలువలు ముందు పూడుతాయి, ఆపై పెద్ద కాలువ మూతి. పూడిక తీయకపోతే పళ్లెం మళ్లీ పళ్లెమే, ఉప్పు మళ్లీ పేరుకుంటుంది. పథకం ఉన్నన్నాళ్లు పూడికతీతకు పద్దు ఉంటుంది, ముగిశాక ఉండదు. మడిలో పూడిన కాలువను రైతు ఎవరినీ అడగకుండా తవ్వుకుంటాడు, ఎందుకంటే పంట అతనిది. మడలో పిల్లకాలువ పూడినప్పుడు మొదట తెలిసేది పీతలకు వెళ్లేవారికే. నీరు ఎక్కవలసిన పోటుకు ఎక్కకపోవడం వారికి ఆ పూటే కనిపిస్తుంది. అభయారణ్యం లోపల పార పట్టుకొని ఆ కాలువలోకి దిగడానికి వారికి అనుమతి ఉందా, దిగితే అది పనా నేరమా అన్నది నేటికీ ఎవరి రూపకల్పన పటంలోనూ గీయబడలేదు.